గూఢలేఖల చరిత్ర – 14: జైలరు కళ్ల ముందే

గత భాగంలో మైక్రోడాట్ దగ్గర ఆగాం. టైపు చేసిన పేజీని ఫొటో తీసి, ఫుల్‌స్టాప్ అంత చుక్కగా కుదించి, మామూలు ఉత్తరంలో అంటించి పంపిన జర్మన్ గూఢచారుల కథ అది. అంతకుముందు హెరొడోటస్ రాసిన రెండు ఉదంతాలు చదివాం. సేవకుడి తల గొరిగించి, చర్మం మీద పచ్చబొట్టుగా కబురు పొడిపించి, జుట్టు పెరిగాక పంపినవాడు హిస్టియేయస్. పలక మీది మైనం గీకేసి, చెక్క మీద హెచ్చరిక రాసి, పైన మళ్లీ మైనం పూసి స్పార్టాకు పంపినవాడు డెమరాటస్. దాదాపు రెండున్నర వేల ఏళ్లు ఈ విద్యకు ఏదో ఒక పదార్థం కావలసి వచ్చింది. చర్మం, మైనం, సిరా, ఫిల్ము. కంప్యూటరు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఫొటో అంకెల వరుసగా మారింది. ఆ అంకెల్లో కొన్నిటిని ఒకటి పెంచడమో, ఒకటి తగ్గించడమో చేస్తే చాలు, ఉత్తరం దాగిపోతుంది.

పదార్థం పోయినా నియమం మాత్రం మారలేదు. సంకేతలిపిలో రాసిన ఉత్తరం శత్రువు చదివినప్పుడు ఓడిపోతుంది. దాచిన ఉత్తరం అంతకంటే ముందే, శత్రువుకు అనుమానం వచ్చిన క్షణంలోనే ఓడిపోతుంది. ఈ భాగంలో వచ్చే ప్రతి ఘటన దగ్గరా పాఠకులు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ అనుమానం ఎవరికి వచ్చింది, దేనివల్ల వచ్చింది? డిజిటల్ ఫొటోల్లో దాచిన మాటల చరిత్రను నడిపించింది ఆ ప్రశ్నే.

27 అక్షరాల కాగితం

2005లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు కోర్టు అనుమతి తీసుకుని న్యూజెర్సీలోని ఒక ఇంట్లోకి రహస్యంగా ప్రవేశించారు. ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు రిచర్డ్ మర్ఫీ, సింథియా మర్ఫీ అనే పేర్లతో చలామణీ అవుతున్న దంపతులు. ఇరుగుపొరుగుల దృష్టిలో వాళ్లది మామూలు కుటుంబం. ఎఫ్‌బీఐ దృష్టిలో మాత్రం వాళ్లు రష్యా విదేశీ గూఢచార సంస్థ ఎస్‌వీఆర్ పంపగా, దొంగ పేర్లతో అమెరికాలో స్థిరపడిన మనుషులు. ఏజెంట్లు ఇంట్లోని కంప్యూటర్ డిస్కులకు నకళ్లు తీసుకున్నారు. పాస్‌వర్డ్ లేకుండా అవి తెరుచుకోవు.

అదే ఇంట్లో ఒక కాగితం కనిపించింది. దాని మీద ఆల్ట్, కంట్రోల్, ఇ అనే మూడు మీటల పేర్లు, వాటితో పాటు 27 అక్షరాల వరుస ఒకటి రాసి ఉన్నాయి. ఏజెంట్లు దాన్ని ఫొటో తీసుకున్నారు. ఆ 27 అక్షరాలే పాస్‌వర్డ్ అని తేలింది. దాంతో ఒక ప్రోగ్రాము తెరుచుకుంది. అది బజార్లో కొనుక్కోగలిగింది కాదు. ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారాన్ని ఫొటోల్లో దాచడానికీ, దాచినదాన్ని తిరిగి తీయడానికీ ఎస్‌వీఆర్ వాడుతున్న స్టెగనోగ్రఫీ ప్రోగ్రాము. ఆ ఫొటోలు ఏ రహస్య స్థావరంలోనూ లేవు. ఎవరైనా చూడగల వెబ్‌సైట్లలోనే ఉన్నాయి. వాటిని మామూలుగా చూస్తే అందులో ఏ విశేషమూ కనిపించదు. ప్రోగ్రాముతో తెరిచినప్పుడు వందకు పైగా పాఠ్య ఫైళ్లు బయటపడ్డాయి.

ఎఫ్‌బీఐ మరో అయిదేళ్లు ఓపిక పట్టింది. 2010 జూన్ 27న పది మందిని అరెస్టు చేసింది. జులై 9న వియన్నా విమానాశ్రయంలో రెండు దేశాలూ ఖైదీలను మార్చుకున్నాయి. పది మంది రష్యాకు వెళ్లారు, రష్యా జైళ్ల నుంచి నలుగురు బయటికి వచ్చారు.

ఇందులో ఎవరూ ఫొటోలు చూసి ఏమీ కనిపెట్టలేదు. ముందు మనుషుల మీద అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇంట్లోకి నడిపించింది, ఇంట్లో కాగితం దొరికింది, కాగితం ప్రోగ్రామును తెరిచింది, చివరికి ఫొటోలు బయటపడ్డాయి. ఎంతో నేర్పుగా రాసిన ప్రోగ్రాము తన పని తాను సరిగ్గానే చేసింది. 27 అక్షరాలను గుర్తు పెట్టుకోవడం మనిషికి కష్టమన్న చిన్న నిజం దగ్గర ఆ వ్యవస్థ తెగిపోయింది.

క్షిపణి గోతులు, ఇద్దరు ఖైదీలు

ఈ విద్య మొదట్లో శాస్త్రం కాదు. 1949లో అమెరికన్ గణితజ్ఞుడు క్లాడ్ షానన్ రహస్య సమాచార వ్యవస్థల మీద తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. అదృశ్య సిరా వంటి దాపు పద్ధతులను అందులో ప్రస్తావించి, అవి ప్రధానంగా మనస్తత్వానికి సంబంధించిన సమస్య అని పక్కన పెట్టేశాడు. ఆయన లెక్కగట్టింది సంకేతలిపినే. దాపు పద్ధతులు మళ్లీ గణితజ్ఞుల బల్ల మీదికి రావడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. వాటిని తీసుకొచ్చింది అణ్వాయుధాల భయం.

1979 జూన్ 18న జిమ్మీ కార్టర్, లియొనిద్ బ్రెజ్నెవ్ సాల్ట్-2 ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ వేదికా వియన్నానే. ఆ కాలంలో అమెరికా, సోవియట్ నిపుణులను వేధించిన చిక్కు ఇది. అవతలి దేశం ఒప్పుకున్న సంఖ్యకు మించి క్షిపణులు పెట్టలేదని ఎలా నమ్మడం? క్షిపణి గోతుల్లో సెన్సర్లు అమర్చి, వాటి నివేదికలను అవతలి దేశానికి పంపడం ఒక మార్గం. కానీ క్షిపణులు ఎన్ని ఉన్నాయో తెలియాలి గాని, ఏ గోతిలో ఉన్నాయో తెలియకూడదు. ఆ సంగతి తెలిస్తే ముందుగా దాడి చేసి అన్నిటినీ ధ్వంసం చేయవచ్చు.

సాండియా నేషనల్ లేబొరేటరీస్‌లో పనిచేసే గస్టవస్ సిమ్మన్స్ ఇక్కడే ఒక ప్రమాదాన్ని గుర్తించాడు. నివేదిక అసలుదేనని నిరూపించే ముద్ర కోసం జతచేసిన అంకెల్లోనే కొన్ని బిట్లను మరో కబురు మోయడానికి వాడుకోవచ్చు. రెండు పక్షాలూ నివేదికను తెరిచి చదువుతాయి, అంతా సక్రమంగానే ఉంటుంది. అయినా దాని లోపలి నుంచి గోతి నంబరు జారిపోవచ్చు.

జాతీయ భద్రతకు సంబంధించిన ఈ చిక్కును సిమ్మన్స్ 1983లో క్రిప్టో సదస్సులో ఒక కథగా చెప్పాడు. ఇద్దరు ఖైదీలు వేర్వేరు గదుల్లో ఉన్నారు. పారిపోవడానికి పథకం వేసుకోవాలి. ఉత్తరాలు రాసుకోవడానికి జైలరు ఒప్పుకున్నాడు, ప్రతి ఉత్తరం తన చేతి మీదుగా వెళ్లాలన్న షరతుతో. అర్థంకాని రాత కనిపిస్తే ఉత్తరాలు బంద్. కాబట్టి సంకేతలిపి పనికిరాదు. జైలరు చదివి, తల ఊపి, ముందుకు పంపే ఉత్తరంలోనే పథకం ఉండాలి.

ఆ కథే ఈ శాస్త్రానికి పునాది అయింది. ఖైదీల స్థానంలో గూఢచారులను, విలేకరులను, దొంగలను, రోగుల వివరాలు కాపాడే ఆసుపత్రులను ఎవరినైనా పెట్టుకోవచ్చు. జైలరు స్థానంలో ప్రభుత్వాన్నో, కంపెనీ భద్రతా విభాగాన్నో పెట్టుకోవచ్చు. 1996లో కేంబ్రిడ్జిలో ఈ విషయం మీదే మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగేనాటికి జైలరు ముందుకు వచ్చే ఉత్తరాల రూపం మారింది. అవి ఎక్కువగా ఫొటోలు.

ఎనిమిది చుక్కల్లో ఒక 'అ'

ఫొటో ఎందుకు అంత అనువైన చోటు? దాని లోపల ఏముందో చూస్తే తెలుస్తుంది. కంప్యూటర్‌లోని రంగుల ఫొటో పిక్సెళ్లనే చిన్న చుక్కల గడి. ఒక్కో పిక్సెల్‌కు మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కో అంకె 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. ఇన్ని తేడాలను మన కన్ను పట్టలేదు. ఎరుపు 200 ఉన్న చుక్కను 201 చేస్తే చిత్రకారుడైనా గుర్తించలేడు.

200ను కంప్యూటరు 11001000 అని రాసుకుంటుంది, 201ని 11001001 అని. తేడా చివరి బిట్‌లో మాత్రమే. ఆ చివరి బిట్ తెచ్చే మార్పు అత్యల్పం. దాచేవాడికి కావలసిన చోటు అదే.

మన 'అ'ను దాచి చూద్దాం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులోని 'అ'ను ఫైళ్లలో, వెబ్ పేజీల్లో మామూలుగా మూడు బైట్లుగా భద్రపరుస్తారు: 11100000 10110000 10000101. మొత్తం 24 బిట్లు. ఒక పిక్సెల్‌లో మూడు అంకెలు, అంకెకు ఒక బిట్ చొప్పున ఎనిమిది పిక్సెళ్లు చాలు. మొదటి పిక్సెల్‌లో ఎరుపు 200, ఆకుపచ్చ 121, నీలం 54 ఉన్నాయనుకుందాం. మనం దాచవలసిన మొదటి మూడు బిట్లు 1, 1, 1. సరిసంఖ్య చివరి బిట్ 0, బేసిసంఖ్య చివరి బిట్ 1. కాబట్టి 200 కాస్తా 201 అవుతుంది, 121 అలాగే ఉంటుంది, 54 కాస్తా 55 అవుతుంది. మూడు అంకెల్లో ఒకటి అసలు మారనే లేదు. సగటున సగం అంకెలు ఇలా తాకకుండానే పని జరిగిపోతుంది.

512 పిక్సెళ్ల పొడవు, 512 పిక్సెళ్ల వెడల్పు ఉన్న చిన్న ఫొటోలో 2,62,144 పిక్సెళ్లు, 7,86,432 అంకెలు ఉంటాయి. అంకెకు ఒక బిట్ దాస్తే 98,304 బైట్లు. అంటే తెలుగు యూనికోడ్ సంకేతాలు 32,768. గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కించినా, ఒక పెద్ద కథ అందులో పట్టేస్తుంది.

ఈ ఆలోచనకు పూర్వరూపం ఆంగ్ల తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్‌ది. 1605లో ప్రస్తావించి 1623లో వివరంగా చెప్పిన పద్ధతిలో ఆయన ప్రతి అక్షరాన్నీ రెండే గుర్తుల అయిదు స్థానాల వరుసగా మార్చాడు. అచ్చులో దగ్గరగా పోలిన రెండు రకాల అక్షరాలు వాడి, ఏ పుస్తకంలోనైనా ఏ మాటనైనా దాచవచ్చని చూపాడు. కంప్యూటర్‌కు మూడు శతాబ్దాల ముందే ఆయన రెండు గుర్తులతో లోకమంతటినీ రాయవచ్చని గ్రహించాడు.

మన పద్య సంప్రదాయంలో గర్భకవిత్వం ఉంది. చంపకమాల నడుమ ఒక కందపద్యాన్ని పొదిగి, పై పద్యం నడక ఎక్కడా చెడకుండా నిలబెడతారు. పై రూపం చెడకూడదన్న క్రమశిక్షణ రెండింటికీ ఒకటే. కానీ కవి దాచేది సభలో విప్పి చూపడానికి. దొరికినప్పుడే ఆయన గెలుపు. ఖైదీ దాచేది జైలరుకు దొరకకుండా ఉండటానికి. ఆ ఒక్క తేడా వల్ల కవికి లేని బాధ్యత ఖైదీ నెత్తిన పడింది. తన ఫొటో బాగుంటే చాలదు, లోకంలోని కోట్ల మామూలు ఫొటోల్లో ఒకటిగా కలిసిపోవాలి. ఆ బాధ్యత ఎంత బరువైనదో 1999లో తేలింది.

డ్రెస్డెన్‌లో తేలిన లెక్క

1990ల నడుమ ఇంటర్నెట్‌లో ఎస్-టూల్స్, జేస్టెగ్, ఈజీస్టెగో వంటి ఉచిత ప్రోగ్రాములు వచ్చాయి. ఫొటో ఇవ్వండి, సందేశం ఇవ్వండి, దాచి ఇస్తాం అన్నాయి. కంటికి ఏమీ తెలియదు కాబట్టి సురక్షితమనే నమ్మకం స్థిరపడింది. 1999లో డ్రెస్డెన్‌లో జరిగిన మూడో సదస్సులో ఆండ్రియాస్ వెస్ట్‌ఫెల్డ్, ఆండ్రియాస్ ఫిట్జ్‌మన్ ఆ నమ్మకాన్ని కూల్చారు.

వాళ్ల వాదనకు పై ఉదాహరణే సరిపోతుంది. చివరి బిట్‌ను మార్చితే 200 ఎప్పుడూ 201 మాత్రమే అవుతుంది, 199 కాదు. 201 ఎప్పుడూ 200 మాత్రమే అవుతుంది, 202 కాదు. అంటే అంకెలు జంటలుగా విడిపోతాయి. మామూలు ఫొటోలో ఒక జంటలోని రెండు అంకెలు సమానంగా ఉండాలన్న నియమమేమీ లేదు. ఉదాహరణకు 200 అనే విలువ 900 సార్లు, 201 అనే విలువ 700 సార్లు రావచ్చు. ఇప్పుడు చివరి బిట్లన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశంతో నింపండి. అలాంటి సందేశంలో సున్నాలు, ఒకట్లు దాదాపు సమానం. అందుకే రెండూ 800 దగ్గరకు వచ్చి నిలబడతాయి. ఫొటో అంతటా, ప్రతి జంటలోనూ ఇదే జరుగుతుంది.

సహజమైన ఫొటోలో ఎక్కడా కనిపించని సమానత్వం అది. వెస్ట్‌ఫెల్డ్, ఫిట్జ్‌మన్ కై-స్క్వేర్ అనే పాత గణాంక పరీక్షతో దాన్ని కొలిచారు. సందేశంలో ఏముందో తెలుసుకోవలసిన పని లేదు, పాస్‌వర్డ్ పగలగొట్టవలసిన పనీ లేదు. ఇందులో ఏదో ఉందని తేలితే చాలు, ఉత్తరాలు బంద్. కంటిని మోసగించిన ఫొటో లెక్కకు దొరికిపోయింది. సందేశాన్ని ముందుగా ఎన్‌క్రిప్ట్ చేయాలన్నది మంచి సలహాయే. కానీ ఆ జాగ్రత్త వల్ల వచ్చిన సమానత్వమే ఇక్కడ ఆనవాలు అయింది. షానన్ మనస్తత్వపు సమస్య అన్నది ఈ రోజున పూర్తిగా గణిత సమస్య అయిపోయింది.

వేట, ఎదురు వేట

అప్పటికి లోకంలోని ఫొటోలు ఎక్కువగా జేపెగ్ రూపంలోకి మారాయి. 1992లో స్థిరపడిన ఆ పద్ధతి ఫొటోను అడ్డంగా 8, నిలువుగా 8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడిని తరంగాల మొత్తంగా లెక్కించి, కన్ను పట్టించుకోని వివరాలను వదిలేస్తుంది. మిగిలిన అంకెల్లోనే దాచాలి. వెస్ట్‌ఫెల్డ్ తానే ముందుకు వచ్చి 2001లో ఎఫ్5 అనే పద్ధతిని తయారుచేశాడు. అందులో రెండు తెలివైన మార్పులు ఉన్నాయి. బిట్‌ను తిప్పే బదులు అంకె పరిమాణాన్ని ఒకటి తగ్గించాడు, అందువల్ల జంటల సమానత్వం ఏర్పడదు. ఇక రెండోది, తక్కువ చోట్ల ముట్టుకుని ఎక్కువ చెప్పే లెక్క. మూడు స్థానాల్లో మహా అయితే ఒక్కదాన్ని మార్చి రెండు బిట్లు దాచవచ్చు. ముట్టుకున్న చోట్లు తగ్గినకొద్దీ ఆనవాళ్లు తగ్గుతాయి.

ఏడాది తిరిగేసరికి బింగమ్టన్ విశ్వవిద్యాలయంలో జెస్సికా ఫ్రిడ్రిచ్ బృందం ఎఫ్5నూ ఛేదించింది. ఆ ఉపాయం ఈ చరిత్రలోకెల్లా అందమైనది. అనుమానం ఉన్న ఫొటో అసలు రూపం జైలరు దగ్గర ఉండదు. ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఫ్రిడ్రిచ్ బృందం ఆ అసలు రూపాన్ని ఫొటోలోంచే తిరిగి రాబట్టింది. ఫొటో అంచు నుంచి నాలుగు పిక్సెళ్లు కత్తిరించి మళ్లీ జేపెగ్‌గా భద్రపరిస్తే, పాత 8 పిక్సెళ్ల గళ్లు చెదిరి కొత్త గళ్లు ఏర్పడతాయి. దాచినవాడి వేలిముద్రలు పాత గళ్లతో పాటే చెల్లాచెదురవుతాయి. ఫొటో స్వభావం మాత్రం అలాగే ఉంటుంది. ఆ కొత్త ఫొటో లెక్కలను అనుమానితుడి లెక్కలతో పోలిస్తే, ఎఫ్5 అంకెలను ఎంతగా కుదించిందో, సున్నాలను ఎంత పెంచిందో తేలిపోతుంది.

ఇక్కడి నుంచి దాచేవాళ్లు తెలివిమీరారు. ఆకాశం, గోడ వంటి చదునైన చోట్లను వదిలేసి ఆకులు, జుట్టు, ఇసుక వంటి గజిబిజి చోట్లనే ఎంచుకున్నారు. 2010లో వచ్చిన హ్యూగో అనే పద్ధతి అలాంటిదే. దాన్ని ఛేదించమని పరిశోధకులు బాస్ పేరుతో బహిరంగ పోటీ పెట్టారు. గెలిచిన ఫ్రిడ్రిచ్ బృందం సాధించింది సుమారు 80 శాతం కచ్చితత్వం. కళ్లు మూసుకుని చెప్పినా సగం సరిపోతాయి కాబట్టి, అది జైలరుకు సంపూర్ణ విజయమేమీ కాదు. తర్వాతి కాలంలో యంత్రాలకు లక్షల ఫొటోలు చూపించి నేర్పే పద్ధతులు వచ్చి జైలరు చూపు మరింత పదునెక్కింది.

ఈ పోటీలన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ కెర్, ఆయన సహచరులు 2008లో ప్రకటించిన వర్గమూల నియమం. ఫొటో నాలుగు రెట్లు పెద్దదైతే అందులో నాలుగు రెట్ల సందేశం దాచవచ్చని ఎవరైనా అనుకుంటారు. అది తప్పు. సురక్షితంగా దాచగలిగింది రెండు రెట్లే. వంద రెట్లు పెద్ద ఫొటోలో పది రెట్లే. చోటు పెరిగినప్పుడు జైలరు చేతికి చిక్కే ఆధారాలు అంతకంటే వేగంగా పెరుగుతాయి. ఈ విద్యలో నిలిచేవాడు తక్కువ చెప్పేవాడు.

ఇరవై లక్షల ఫొటోలు

ఇంతవరకు చెప్పింది దాచేవాడి తప్పుల గురించి. జైలరు కూడా తప్పు చేస్తాడు. 2001 ఫిబ్రవరిలో యూఎస్ఏ టుడే పత్రిక, ఉగ్రవాద ముఠాలు ఇంటర్నెట్‌లోని ఫొటోల్లో పథకాలు దాచి పంపుకుంటున్నాయని రాసింది. అదే ఏడాది సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆ మాట మరింత భయం పుట్టించింది. ఏ వేలం సైట్‌లోని ఏ సైకిలు ఫొటోలో ఏ కుట్ర ఉందోనన్న కలవరం అది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో నీల్స్ ప్రోవోస్, పీటర్ హనీమన్ ఆ మాటను పరీక్షకు పెట్టారు. ఈబే వేలం సైట్ నుంచి ఇరవై లక్షల జేపెగ్ ఫొటోలు దింపుకున్నారు. అనుమానాస్పదమైనవాటిని ఏరే ప్రోగ్రాము రాశారు. ఒక శాతానికి పైగా ఫొటోలను అది పక్కన పెట్టింది. వాటిని తెరవడానికి లక్షల మాటల నిఘంటువుతో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించారు. ఒక్క దాచిన సందేశమూ దొరకలేదు. ఆపైన యూజ్‌నెట్ చర్చావేదికల నుంచి మరో పది లక్షల ఫొటోలు వెతికారు. అక్కడా లేదు. వాళ్ల పనిముట్లు నిజంగా దాచిన ఒక ఫొటోను పట్టుకోగలిగాయి. దాన్ని తయారుచేసింది ఏబీసీ టీవీ, స్టెగనోగ్రఫీ అంటే ఏమిటో ప్రేక్షకులకు చూపడానికి. పాస్‌వర్డ్ కూడా ఏబీసీయే. లోపల ఉన్నది పాత బీ-52 యుద్ధవిమానాలను నిలిపి ఉంచిన మైదానం ఫొటో.

ఈ ఫలితం లోకంలో ఎవరూ ఫొటోల్లో దాచుకోవడం లేదని నిరూపించదు. బలమైన పాస్‌వర్డ్, మంచి పద్ధతి వాడినవాళ్లు ఆ వలలో పడరు. కానీ అది మరో నిజాన్ని గట్టిగా చెప్పింది. నూటికి ఒక్క ఫొటోను పొరపాటుగా అనుమానించే పరీక్ష మంచిదే అనిపిస్తుంది. ఇరవై లక్షల ఫొటోల మీద ప్రయోగిస్తే అదే పరీక్ష ఇరవై వేల మంది నిరపరాధుల తలుపు తడుతుంది. సామూహిక నిఘా గురించి మాట్లాడే ప్రతి పాలకుడూ, ప్రతి అధికారీ ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. మర్ఫీ దంపతులను పట్టించింది ఇరవై లక్షల ఫొటోల గాలింపు కాదు. నిర్దిష్టమైన మనుషుల మీద, కోర్టు అనుమతితో, ఏళ్ల తరబడి ఓపికగా సాగిన దర్యాప్తు.

సూర్యాస్తమయం ఫొటో

గత పదేళ్లలో ఈ విద్య గూఢచారుల గదుల నుంచి ఆఫీసుల్లోకి, ప్రకటనల్లోకి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ టర్బైన్ల విభాగంలో పనిచేసిన జెంగ్ షావ్‌చింగ్ అనే ఇంజనీరు, కంపెనీ రహస్య ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక సూర్యాస్తమయం ఫొటోకు చెందిన అంకెల్లో కలిపి, తన సొంత ఈమెయిల్‌కు పంపుకున్నాడు. దాచుకోదగ్గ మంచి దృశ్యం అన్న అర్థంలో ఆ మెయిల్‌కు శీర్షిక పెట్టాడు. 2018 ఆగస్టులో అరెస్టయ్యాడు. ఆర్థిక గూఢచర్యానికి కుట్ర పన్నాడని 2022లో దోషిగా తేలింది, 2023 జనవరిలో రెండేళ్ల జైలుశిక్ష పడింది. ఇక్కడా ఫొటో తనంతట తాను దొరకలేదు. కంపెనీ అప్పటికే అతని కంప్యూటర్‌ను గమనిస్తోంది.

2016 డిసెంబరులో స్లొవేకియాకు చెందిన భద్రతా సంస్థ ఈసెట్ ఇంకో రకం దాపును బయటపెట్టింది. పేరున్న వార్తా సైట్లలో కనిపించే ప్రకటన బొమ్మల్లో నేరగాళ్లు హానికరమైన కోడ్ దాచారు. రంగుల అంకెలను కాదు, ప్రతి పిక్సెల్ ఎంత పారదర్శకమో చెప్పే అంకెను కొద్దిగా మార్చారు. ప్రకటన మీద ఎవరూ నొక్కనక్కరలేదు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, పాత ఫ్లాష్ ఉన్న కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే చాలు, కోడ్ బయటికి వచ్చి పని మొదలుపెట్టేది. ఇక్కడ మోసపోయిన జైలరు ప్రకటనల సంస్థ, బాధ పడింది సాధారణ పాఠకుడు.

దీనికి విరుగుడు కూడా సిమ్మన్స్ కథలోనే ఉంది. జైలరు ప్రతి ఉత్తరంలోని రహస్యాన్ని కనిపెట్టనక్కరలేదు. ఉత్తరాన్ని అదే అర్థంతో వేరే మాటల్లో తిరగరాసి పంపితే, దాచినది చెదిరిపోతుంది. ఇప్పుడు చాలా సంస్థల గేట్ల దగ్గర లోపలికి వచ్చే ఫొటోలను ఇలాగే కొత్తగా మార్చి భద్రపరుస్తున్నారు. ఉద్దేశం వేరైనా వాట్సాప్ చేసేదీ అదే. మనం మామూలుగా పంపే ఫొటోను అది కుదించి జేపెగ్‌గా మళ్లీ తయారుచేస్తుంది. తెల్లవారుతూనే వచ్చే శుభోదయం ఫొటోలో ఎవరైనా చివరి బిట్లలో మాట దాచి ఉన్నా, చేరేసరికి అది చెరిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే మాత్రం ఫైలు మారదు.

ఎవరి జైలరు?

ఇంత చెప్పుకున్నాక పాఠకులు అడగదగిన ప్రశ్న ఒకటుంది: మన బ్యాంకు వివరాలో, ఆధార్ కాపీయో, పాస్‌వర్డుల జాబితాయో ఫొటోలో దాచుకోవడం మంచిదేనా? దాపును ఒక్కదాన్నే నమ్ముకుంటే మంచిది కాదు. దాచిన చోటు ఒకరికి తెలిస్తే అంతా పోయినట్టే. ముందు బలమైన ఎన్‌క్రిప్షన్, దాని మీద దాపు అనేదే సరైన వరుస. మొదటిది చదవనివ్వదు, రెండోది అనుమానం రానివ్వదు. ఒకటి తెగినా రెండోది నిలబడాలి. ఎస్‌వీఆర్ ప్రోగ్రాము ఈ రెండు పనులూ చేసింది. దాని పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసిన చేయి రెండింటినీ ఒకేసారి తెంచేసింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్ ప్రకారం, దేశ భద్రత వంటి కారణాలపై ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారాన్ని తెరిచి ఇవ్వమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. నిరాకరిస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే తెరవమని ఆదేశించాలంటే ముందు అక్కడ ఏదో ఉందని తెలియాలి. స్టెగనోగ్రఫీ చట్టానికి కొరుకుడుపడనిది అందుకే. దొంగకు అది అవకాశం. నోరు నొక్కేసే దేశంలో విలేకరికి అదే ఊపిరి.

ఈ విద్య మంచిదా, చెడ్డదా అని అడిగేవాళ్లకు నేను సిమ్మన్స్ కథలోని జైలరును చూపిస్తాను. అతను న్యాయంగా, చట్టానికి లోబడి, నిర్దిష్టమైన అనుమానంతో ఉత్తరం తెరిచేవాడైతే అతని పని గెలవాలి. ఎవరిని చూసినా అనుమానించి ప్రతి ఇంటి ఉత్తరమూ తెరిచేవాడైతే ఖైదీలు గెలవాలి. లెక్కలు ఈ రెండింటిలో దేన్నీ ఎంచుకోవు. కెర్ వర్గమూల నియమం దొంగకూ విలేకరికీ ఒకేలా వర్తిస్తుంది. ఎంచుకోవలసింది సమాజం. ఫొటోలోని బిట్లను వెతికే పనిముట్లు ఎంత పదునెక్కినా, వాటిని ఎవరి మీద, ఎవరి అనుమతితో వాడాలో నిర్ణయించే చట్టం అంతకంటే పదునుగా ఉండాలి. ఆ చట్టం గురించి అడగడం గణితజ్ఞుల పని మాత్రమే కాదు, రోజూ ఫొటోలు పంపుకునే మనందరి పని.

*(తరువాయి వచ్చే భాగంలో: దొరకడానికే దాచే గుర్తులు. రంగు ప్రింటర్లు కాగితం మీద వేసే పసుపు చుక్కలు, సినిమా ఫైళ్లలోని వాటర్‌మార్కులు, కృత్రిమ మేధ సృష్టించిన బొమ్మలను గుర్తించడానికి 2023లో వచ్చిన సింథ్‌ఐడీ వరకు.)*